ఒక్క సభ్యురాలూ ఒక తలుపూ

వినాయక చవితికి రెండు రోజుల ముందు వీచిన గాలివానకి జూట్ మిల్లులో రెండే రెండు నష్టాలు జరిగాయి. ఒకటి, గేటు మీది మిల్లు పేరు బోర్డు కొంచెం పక్కకి వంగింది. రెండోది, వైండింగ్ సెక్షన్ ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు ఊడి, ఎగిరి, వెనకాల కాలవలో పడి కొట్టుకుపోయింది. బోర్డు మర్నాటికల్లా నిటారుగా నిలబడింది. తలుపు సంగతి పరిశీలనలో ఉంది.

పరిశీలన తేలేదాకా ఆడవాళ్ళు ఆగలేరు కదా. గోనెపట్టా నేసే మిల్లులో గోనెపట్టాకి కరువేమిటని ఓ ముక్క తెచ్చి గుమ్మానికి తెర కట్టారు. సాయంత్రానికి సెక్యూరిటీ ఇన్‌స్పెక్టరు వచ్చి విప్పించేశాడు. మిల్లు సరుకుని గోడకి తగిలిస్తే అది దుర్వినియోగమట. మరి చేత్తో పట్టుకుంటేనో అని అడిగితే, రూల్సు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, చేత్తో పట్టుకుంటే అది సరుకు రవాణా కింద వస్తుంది కనక అభ్యంతరం లేదన్నాడు. అప్పట్నుంచీ వైండింగ్‌లో గోనె పట్టడమనే పద్ధతి మొదలైంది. ఒకామె లోపలికి వెళితే ఇంకొకామె గుమ్మంలో గోనెపట్టా రెండు చేతులా ఎత్తి పట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడుతుంది. ముప్పై ఆరు మంది ఆడవాళ్ళు పద్దెనిమిది జతలయ్యారు. ఎవరూ మీటింగు పెట్టలేదు, ఎవరూ జాబితా రాయలేదు.

ఎర్నమ్మకి జత గవరమ్మ. ఎర్నమ్మ పదకొండేళ్ళుగా ఆ మిల్లులో జనపనార దారం కండెలకి చుడుతోంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. పక్క మిషను మీద ఉండే గవరమ్మ ఆమెకంటే ఆరేళ్ళు పెద్దది, ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేస్తుంది. అంచేత వాళ్ళ స్నేహానికి ఇంతవరకూ ఏ లోటూ రాలేదు.

శివరాత్రి వెళ్ళాక ఎర్నమ్మకి నడుములో పోటు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఫొటో తీసి, కిడ్నీలో రాయి ఉందన్నారు. రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగితే దానంతటది పోతుంది, లేకపోతే కోసి తియ్యాలి అన్నారు. కోత మాట వినగానే ఎర్నమ్మ నాలుగు లీటర్లకీ ఒప్పుకుంది. తీరా మిల్లుకొచ్చి చూసుకుంటే నాలుగు లీటర్లంటే షిఫ్టులో ఆరుసార్లు లేవాలి. తను లేచిన ప్రతిసారీ గవరమ్మ కూడా లేవాలి. రెండు మిషన్లు పన్నెండుసార్లు ఆగితే సూపర్‌వైజరు ఊరుకోడు. ఇవన్నీ ఆలోచించి ఎర్నమ్మ పదకొండేళ్ళలో మొదటిసారి కార్మిక సంఘం ఆఫీసు మెట్లెక్కింది.

ఇంకో రోజైతే కార్యదర్శి బంగారునాయుడు ఓ కాగితం మీద నాలుగు ముక్కలు గిలికి, పోయి మేనేజరు బల్ల మీద గుద్ది వచ్చేవాడు. చెడ్డవాడు కాదు, గొంతున్న మనిషి. ఎర్నమ్మ ఖర్మకొద్దీ ఆ పొద్దునే కేంద్ర కార్యాలయం నుంచి సర్క్యులర్ దిగింది.

"సభ్యత్వ విస్తరణ యుగము ముగిసినది," అని ఉంది అందులో. "కొత్తవారి వెంట పరుగులు కట్టిపెట్టి, ఉన్న సభ్యుని లోతులను తవ్వి శక్తిని వెలికితీయవలెను. కావున ఈ సంవత్సరమును అంతర్గత సంఘటనా సంవత్సరముగా ప్రకటించడమైనది. ప్రతి సభ్యుని వారానికొకసారి ఒక సంఘటనకర్త ముఖాముఖిగా కలిసి, పది నిమిషములు సంభాషించవలెను. అందు ఏడు నిమిషములు వినుట, మూడు నిమిషములు మాట్లాడుట. పిమ్మట చైతన్య పత్రము పూరించి, అయిదింటికి మార్కులు వేయవలెను."

బంగారునాయుడు అప్పటికి దాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారికి కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళుగా తను అరిచిన అరుపులన్నీ దండగని అర్థమైంది.

"బాబూ, ఆ లెట్రిన్ తలుపు..." అని మొదలెట్టింది ఎర్నమ్మ.

"కూర్చో అప్పా," అన్నాడాయన మెత్తగా. ఆ గొంతులో అంత మెత్తదనం ఆవిడెప్పుడూ వినలేదు. జేబు గడియారం తీసి బల్ల మీద పెట్టి ఏడు నిమిషాలు విన్నాడు. తలుపు కబురు చెప్పడానికి ఎర్నమ్మకి ఒక నిమిషం పట్టింది. మిగతా ఆరు నిమిషాలూ ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇప్పుడు ప్రశ్న," అని పత్రం తీశాడు బంగారునాయుడు. "మీ దృష్టిలో సంఘమనగా నేమి?"

ఎర్నమ్మ ఆలోచించింది. "తలుపెట్టించీది," అంది.

ఆయన మొహం వాడిపోయింది. సర్క్యులర్ ప్రకారం సరైన జవాబు 'సంఘమనగా నేనే' అని. తలుపులు పెట్టించేదీ, పంపులు వేయించేదీ అనుకుంటే దాన్ని సేవా దృక్పథమంటారు. అయిదింటికి ఒకటి.

"మరి తలుపో?" అంది ఎర్నమ్మ లేస్తూ.

"అది సజీవ సమస్య అప్పా. తొందరపడి పరిష్కరించీసేమనుకో, నీలో చైతన్యం ఆరిపోద్ది," అన్నాడు. ఎర్నమ్మ మెట్లు దిగి వచ్చి, ఆ పూట గుక్కెడు నీళ్ళతో సరిపెట్టుకుంది.

సంఘంలో సభ్యులు మూడు వందల నలభై మంది. పదిమందికొకరు చొప్పున ముప్పై నలుగురు సంఘటనకర్తలు, అంటే మనుషుల్ని కూడగట్టేవాళ్ళు, కావాలి. వాళ్ళకి ఎర్రరిబ్బను బ్యాడ్జీలొచ్చాయి. సంఘటనకర్తలు కూడా సభ్యులే కదా, మరి వాళ్ళని కలిసేదెవరని ఎవరో అడిగారు. దానికి ఇంకో నలుగురిని వేశారు. ఈలోగా మేనేజరుకి ఓ సంగతి తట్టింది. ఈ సంఘటనా సంవత్సరం మొదలైన దగ్గర్నుంచి తన బల్ల మీద ఒక్క ఫిర్యాదు కాగితం పడలేదు. ఆయన ఆనందం పట్టలేక, బ్యాడ్జీ ఉన్న ప్రతివాడికీ రోజూ అరగంట మిషను దిగే వెసులుబాటు ఇచ్చాడు.

అంతే, మిల్లులో చైతన్యం ఒక్కసారిగా పొంగింది. నాలుగు మార్కులు దాటితే బ్యాడ్జీ ఇస్తారు, సరైన జవాబేమిటో అందరికీ తెలిసిపోయింది. సంఘమంటే ఏమిటని అడిగీ అడక్కముందే "నానే!" అని అరిచేవారు. గోదాములో బేళ్ళు మోసే పోలిపల్లి తాత చెవిటివాడు, వినుటకి ఏడుకి ఏడు నిమిషాలూ వేసి ఆయనకీ బ్యాడ్జీ తగిలించారు.

ఉగాదికల్లా గేటు ముందు టీ బడ్డీ దగ్గర కొత్త రకం ఇబ్బంది వచ్చింది. ఎవరు ఎవరిని కలిసినా ఇద్దరూ సంఘటనకర్తలే. ఇద్దరూ మొదటి ఏడు నిమిషాలూ వినాలి. ఇద్దరేసి మనుషులు ఎదురెదురుగా కూర్చుని, తలలు కొంచెం పక్కకి వంచి, ఒకరు చెప్పేది ఇంకొకరు శ్రద్ధగా వింటూ ఉండేవారు. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. బడ్డీ చుట్టూ ఇరవై ముప్పై జతలు అలా కూర్చుంటే, ఎవరో పోయారనుకుని దారిన పోయేవాళ్ళు చెప్పులు విడిచి నిలబడేవారు.

గవరమ్మకి బ్యాడ్జీ వచ్చిన రోజున ఎర్నమ్మ సంతోషించింది. ఆవిడ పైట మీద రిబ్బను చక్కగా సర్ది పిన్ను పెట్టింది. పదిన్నరకి అలవాటు ప్రకారం, "అప్పా, ఓపాలి రాయే," అంది.

గవరమ్మ లేచింది, గోనె కూడా తీసింది. తీసినది తీసినట్టే ఆగిపోయింది.

"ఏటే?"

"సర్క్యులర్లో నాలుగో నియమం అడ్డొత్తందే ఎర్నీ," అంది గవరమ్మ ఇబ్బందిగా. "సభ్యురాలు సేసుకోగల పనిని సంఘటనకర్త సెయ్యరాదంట. సేత్తే నిన్ను బలహీనపరిసినట్టంట. మా బ్యాడ్జీలోల్లకి మేము పట్టుకోవచ్చు, అది పరస్పర సహకారం. నీకు పడితే అది సేవ." తర్వాత కొంచెం సేపు గుర్తు తెచ్చుకుని, అప్పజెప్పింది: "ఎర్నమ్మా, నీ గోనె నువ్వే పట్టుకోడానికి నీకు అడ్డొత్తన్నదేటని నువ్వనుకుంటన్నావు?"

"నా సేతులు రెండేనే," అంది ఎర్నమ్మ.

గవరమ్మ ఏడు నిమిషాలూ విని, మార్కు వేసుకుని వెళ్ళిపోయింది.

ఎర్నమ్మ ప్రయత్నించకపోలేదు. గోనె తీసుకుని లోపలికి వెళ్ళి, రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం పట్టి చూసింది. నిలబడితే అందుతోంది. కూర్చుంటే పై సగం తెరుచుకుపోతోంది. బయట బాబిన్‌ల బండి తోసేవాళ్ళ నవ్వు వినిపించి, గోనె మడిచి మిషను దగ్గరికి వచ్చేసింది. ఆ రోజునించీ పొద్దున్న ఇంటి దగ్గర తాగిందే నీళ్ళు. నడుము పోటు ఎక్కువైతే మిషను కమ్మీ పట్టుకుని వంగి నిలబడేది. పోటు కంటే గవరమ్మ మీద బాధే ఆవిడకి ఎక్కువగా ఉండేది. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ ఫొటో తీసి, రాయి పెరిగింది, నెలాఖరుదాకా చూసి కోసేద్దామన్నారు.

మే నెల వచ్చేసరికి లెక్క ఇలా తేలింది. సంఘటనకర్తలు మూడు వందల ముప్పై తొమ్మిది మంది. సభ్యురాలు ఒకరు.

ఆ ఒక్కతెనీ కలవకపోతే వీళ్ళ బ్యాడ్జీలకి అర్థమేముంది? ఎర్నమ్మ కోసం టైం టేబులు వేశారు. రోజుకి యాభై మంది. అన్నం క్యారేజీ విప్పితే ముగ్గురు, బస్సు దిగితే ఇద్దరు, ఆదివారం ఇంటి అరుగు మీద చాప పరిచి వరసలో పదిమంది. అందరూ అదే మెత్తని గొంతుతో, "తలుపు లేకపోవడం వలన మీకేమనిపిస్తోంది?" అని అడిగేవారు. కొందరు వింటూ వింటూ ఏడ్చేసేవారు కూడా. వాళ్ళని ఓదార్చడానికి ఎర్నమ్మకి ఇంకో పది నిమిషాలు పట్టేది. మొదట్లో చెప్పేది, తర్వాత తలూపేది, ఆఖరికి ఓ గోనెముక్క మీద బొగ్గుతో 'తలుపు' అని రాయించుకుని ఎదురుగా పెట్టుకుంది. వాళ్ళు దాన్ని కూడా ఏడు నిమిషాలు చూసేవారు.

ఈ నిష్పత్తి కబురు కేంద్ర కార్యాలయానికి చేరింది. సంఘటనా శాస్త్రంలో నిపుణులు వేదాచలంగారు స్వయంగా వస్తున్నామని తంతి కొట్టినంత హడావుడిగా ఫోను చేశారు. సరిగ్గా ఆ వారంలోనే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కూడా వస్తున్నాడని మేనేజరుకి తెలిసింది. ఆయన కంగారుపడి, ఎనిమిది నెలల పరిశీలనని అరగంటలో ముగించి, టేకు చెక్కతో, లోపల గడియతో, కొత్త తలుపు చేయించి పంపించాడు.

వడ్రంగి తలుపు నెత్తిన పెట్టుకుని వైండింగ్ వైపు వస్తుంటే ఎర్నమ్మ కళ్ళారా చూసింది. మిషను ఆపి, క్యారేజీ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పింది. సీసా నోటి దాకా వెళ్ళేలోపల గేటు వైపు నుంచి బంగారునాయుడు పాత గొంతుతో అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండి! ఎవరి అనుమతితో బిగిస్తన్నారు?"

మేనేజరు కూడా వచ్చాడు. "తలుపు కావాలన్నది మీవాళ్ళే కదయ్యా?"

"కావాలన్నాం. ఇమ్మన్లేదు," అన్నాడు బంగారునాయుడు. "మా సంఘం మొత్తానికి మిగిలిన సభ్యురాలు ఒకర్తి. ఆవిడకున్న సమస్య ఒకటి. దాన్ని కూడా మీరు లాగేసుకుంటే మూడు వందల ముప్పై తొమ్మిది మందిమి ఏం సంఘటితం చేసుకోవాలి? ఇది కార్మిక చైతన్యం మీద యాజమాన్యం చేస్తున్న దాడి. తలుపు బిగిస్తే సమ్మె!"

మేనేజరు పాతికేళ్ళ సర్వీసులో చాలా సమ్మె నోటీసులు చూశాడు గాని, ఇచ్చినందుకు నోటీసు చూడ్డం ఇదే మొదలు. తలుపు మీకే అప్పగిస్తున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోండని, ఇన్‌స్పెక్టరుకి చూపించడానికి రసీదు రాయించుకుని వెళ్ళిపోయాడు. తలుపు సంఘం ఆఫీసుకి చేరింది. ఎర్నమ్మ సీసా మూత బిగించి సంచిలో పెట్టేసింది. బంగారునాయుడు పోతూ పోతూ ఆవిడ దగ్గర ఆగాడు.

"నాకు మాత్రం తెల్దేటి అప్పా," అన్నాడు గొంతు తగ్గించి. "ఏదాచలంగారు వచ్చి ఎల్లిపోనీ. ఈ రెండ్రోజులూ ఓపిక పట్టు."

"రాయికి సెప్పు బాబూ," అంది ఎర్నమ్మ.

వేదాచలంగారు శుక్రవారం రెండు గంటలకి, షిఫ్టులు మారే వేళకి వచ్చారు. ఖద్దరు లాల్చీ, చేతిలో తోలు సంచి. సంఘం ఆఫీసు ముందు షామియానా వేశారు. వేదిక మీద పెట్టడానికి పొడుగాటి బల్ల లేకపోతే, ఆ కొత్త తలుపునే రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, ఎర్రగుడ్డ పరిచి, దాని మీద పూలదండలూ, మైకూ, గ్లాసులూ, మంచినీళ్ళ కూజా పెట్టారు. పక్కన ఒక కుర్చీ వేసి ఎర్నమ్మని కూర్చోబెట్టారు. కుర్చీ వెనక 'సభ్యత్వము' అని అట్ట ముక్క తగిలించారు. మేనేజరు చెప్పిన పనికి ఇంకా కూలి ముట్టని వడ్రంగి, బిగించమంటారేమోనని పెట్టె పట్టుకుని చివర నిలబడ్డాడు.

"సోదర సోదరీమణులారా!" అన్నారు వేదాచలంగారు. "సభ్యులు అధికమై, సంఘటనకర్తలు అల్పమగుట మన ఉద్యమమును పట్టి పీడించిన వ్యాధి. ఇచ్చట ఆ వ్యాధి సమూలముగా నయమైనది. ఈ మాతృమూర్తి యొక్క లోతులను మూడు వందల ముప్పై తొమ్మండుగురు తవ్వుచున్నారు! ఈ సమస్యను ఎనిమిది మాసములుగా చెక్కుచెదరకుండా కాపాడిన మీ క్రమశిక్షణకు నా జోహారులు. అమ్మా, మీరు మాట్లాడండి. మేము విందుము."

మూడు వందల ముప్పై తొమ్మిది తలలు కొంచెం పక్కకి వంగాయి. ఎండ భగభగమంటోంది.

ఎర్నమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. మైకు పక్కకి జరిపి కూజా అందుకుంది. గ్లాసులో ఒంపుకోలేదు. కూజా ఎత్తి, గటగటమని తాగడం మొదలెట్టింది. మెడ మీదుగా కారి రవిక తడిసింది. ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తింది. రెండు నెలల దాహం అది. ఆఖరి చుక్కదాకా తాగి, కూజా బోర్లించి చూపించి, పైటతో మూతి తుడుచుకుంది.

"బాబూ, నాను సెప్పీది అయిపోనాది," అంది. "ఇంకో పావుగంటలో నానెల్లాల. నాకు గోనె పట్టీది ఎవులో సెప్పండి."

అందరూ విన్నారు. వేదాచలంగారు తలాడిస్తూ విన్నారు. బంగారునాయుడు జేబు గడియారం చూస్తూ విన్నాడు. ఎర్నమ్మ ముందు వరసలో ఉన్న గవరమ్మ వైపు చూసింది. మూడు నిమిషాలు గడిచాయి. నాలుగో నిమిషంలో ఎర్నమ్మకి నడుము దగ్గర పోటు వచ్చి, బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది.

"సాల్లే!" అని కేకేస్తూ లేచింది గవరమ్మ. "ఇంకా మూడు నిముసాలుంది," అన్నారెవరో. "ఆ మూడూ నీ దగ్గరే ఉంచుకో," అని బ్యాడ్జీ పీకి అతని ఒళ్ళో పడేసింది. వేదిక ఎక్కి, ఎర్రగుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగింది. దండలూ మైకూ గ్లాసులూ వేదాచలంగారి ఒళ్ళో పడ్డాయి. కింద నిగనిగలాడుతూ తలుపు బయటపడింది. "ఒలే, ఏటి సూత్తన్నారు? అటేపు పట్టండే!"

వైండింగ్ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతె లేచింది. తర్వాత ముగ్గురు. ఆ తర్వాత లెక్కపెట్టే వీలు లేకపోయింది. ముప్పై అయిదు మందీ తలుపు భుజాల మీదికెత్తుకుని మిల్లు ఆవరణకి అడ్డంపడి నడుస్తుంటే, ముందు ఎర్నమ్మ గబగబా, వెనక వడ్రంగి పెట్టెతో పరుగున, వాళ్ళ వెనకాల మొత్తం సంఘం. సెక్యూరిటీ ఇన్‌స్పెక్టరు ఆపబోయాడు. "సేత్తో పట్టుకున్నాం బాబూ, రవాణా!" అంది గవరమ్మ. ఆయన దారి వదిలాడు.

బందులు బిగించేదాకా ఆగే వ్యవధి లేదు. ఎర్నమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు తలుపుని గుమ్మంలో నిలబెట్టి, చేతులతో అలాగే పట్టుకున్నారు. వడ్రంగి వాళ్ళ చేతుల మధ్యనించి మరలు తిప్పాడు. ఆఖరి మర తిరిగాక గవరమ్మ, "వొగ్గీండి," అంది. అందరూ చేతులు తీశారు. తలుపు నిలబడింది. లోపల్నించి గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

వేదాచలంగారు రొప్పుతూ వచ్చి, చెమటకి తడిసిన లాల్చీ జేబులోంచి పత్రం తీశారు. "అద్భుతము! సామూహిక చర్య! అయిదింటికి అయిదు!" అంటూ రాసుకున్నారు. సభ్యుల సంఖ్య దగ్గర సున్న వేసి, దేశంలో మొట్టమొదటి సంపూర్ణ సంఘటిత సంఘమని కింద గీత గీశారు. కొత్త బ్యాడ్జీ ఒకటి తీసి, వంగి, తలుపు కింది సందులోంచి లోపలికి తోశారు.

అది అయిదు క్షణాల్లో తిరిగి బయటికొచ్చింది.

వేదాచలంగారు సున్న కొట్టేసి, మళ్ళీ ఒకటి వేశారు. సంఘం సంఘమంతా మరుగుదొడ్డి చుట్టూ నిలబడి, అలవాటు కొద్దీ తలలు పక్కకి వంచింది.

"అప్పా," అని లోపల్నించి ఎర్నమ్మ పిలిచింది.

"ఏటే?"

"అందరూ ఎల్లిపోనారా?"

"నేదే. ఇంటన్నారు."

"ఇన్నది సాలు గానీ, ఎల్లిపొమ్మను."

చెప్పింది పత్రం లెక్కలో సంఘానికున్న ఒక్కగానొక్క సభ్యురాలు కనక, మూడు వందల ముప్పై ఎనిమిది మందీ మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. గవరమ్మ మాత్రం, తలుపు ఉన్నా, అలవాటు ప్రకారం మొహం అటు తిప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.